చదువుకుంటూ చదువు చెప్పే కొలువు
(పెద్దాపురంలో జరిగిన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం "ఉన్నత విద్య, ఉపాధి". అంత పెద్ద బరువును అరగంటలో మోయడం మా వల్ల కాదు గనుక అందులో ఒక్క మూల పట్టుకుంటాము. విశ్వవిద్యాలయంలో పై చదువు చదువుతూనే, కింది తరగతుల వారికి పాఠం చెప్పి, ప్రయోగశాల చూసుకుని, పేపర్లు దిద్ది, అందుకు నెలనెలా డబ్బు తీసుకునే పని ఒకటి వుంది. దానిని టీచింగ్ అసిస్టెంట్‌షిప్ అంటారు. మన దేశంలోనూ వుంది, అమెరికాలో మరీ ఎక్కువ. మన ఊళ్లో మనవాళ్లలో దీని సంగతి తెలిసిన ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకే దీనిని ఎంచుకున్నాము.

మన ఇళ్లలో చదువు పూర్తయిన అబ్బాయి ముందు సాధారణంగా రెండే దారులు కనిపిస్తాయి. ఒకటి కువైటుకో దుబాయికో వీసా. రెండవది మెయిన్ రోడ్డులో సెల్‌ఫోన్ షాపు. ఈ రెండింటినీ మేము చిన్నచూపు చూడటం లేదండి. నిజం చెప్పాలంటే ఈ షామియానా ఖర్చులో సగం గల్ఫు నుంచి వచ్చిన చందాయే. కాని ఎమ్మెస్సీ మొదటి తరగతిలో పాసైన పిల్లవాడు, "ఇంకా ఎన్నాళ్లు చదువుతావురా, చెల్లెలి పెళ్లి ఎదురుగా వుంది" అన్న ఒక్క మాటకు పుస్తకం మూసేస్తున్నాడు. ఆ తండ్రి అన్నది తప్పూ కాదు. చదువంటే ఇంట్లోంచి డబ్బు పోవడమే అని ఆయన ఇంతకాలం చూశాడు. చదువే ఇంటికి డబ్బు పంపగలదని ఆయనతో చెప్పినవాళ్లు లేరు.

ఇంతకు ముందు చెప్పుకోవడానికి ఒక ఆసరా వుండేది. సచార్ కమిటీ నివేదిక 2006లో వచ్చిన తరువాత, మైనారిటీ పరిశోధక విద్యార్థుల కోసం మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ 2009లో మొదలయింది. దానిని 2022-23 నుంచి ఆపివేసినట్లు 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. అప్పటికే పొందుతున్నవారికి మాత్రం గడువు తీరేవరకు ఇస్తామన్నారు. ఇతర ఫెలోషిప్‌లు వున్నాయి గనుక ఇది వాటి మీద పడుతోందని చెప్పిన కారణం. ఆ ఇతర ఫెలోషిప్‌ల దాకా మన పిల్లలు ఎందరు చేరుతున్నారన్నది వేరే ప్రశ్న. విదేశీ చదువుల అప్పు మీద వడ్డీ రాయితీ ఇచ్చే పఢో పరదేశ్ కూడా అదే సంవత్సరం నుంచి ఆగిపోయింది. వడ్డీ మాట ఎత్తితేనే మన పెద్దలు చాలామంది తల అడ్డంగా వూపుతారు. అందుచేత అప్పు లేకుండా, పని చేసి సంపాదించుకుంటూ చదివే దారి మనకు ఎవరికన్నా ఎక్కువ అవసరం.

లెక్కలు చెబుతాము, తల్లిదండ్రులు కాస్త వినండి. గేట్ పరీక్ష రాసి, అర్హత వున్న కాలేజీలో ఎం.టెక్‌లో చేరినవారికి నెలకు 12,400 రూపాయలు వస్తుంది. దానికి బదులు వారానికి ఎనిమిది గంటలకు అటూ ఇటూగా ల్యాబులోనో, ట్యుటోరియల్ తరగతిలోనో పని చేయాలి. ఐ.ఐ.టి.ల వంటి చోట పిహెచ్.డి.లో చేరినవారికి, నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. వచ్చినవారికి, 2023 జనవరి నుంచి నెలకు 37,000. రెండేళ్ల తరువాత అది 42,000 అవుతుంది. ఇంటి అద్దె భత్యం వేరు. యు.జి.సి. 2022లో తెచ్చిన పిహెచ్.డి. నిబంధనల ప్రకారం, ఏ సబ్జెక్టు వారైనా సరే, పరిశోధక విద్యార్థి బోధనలో శిక్షణ పొందాలి. వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు ట్యుటోరియళ్లు, ల్యాబు పని, పేపర్లు దిద్దడం అప్పగించవచ్చు. అంటే ఇక మీదట పాఠం చెప్పడం పరిశోధకుడి చదువులో భాగమే.

చేదు మాట కూడా చెప్పాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో, విశాఖలో గాని, మన రాజమండ్రి నన్నయలో గాని, ఫెలోషిప్ ఏదీ లేకుండా పిహెచ్.డి.లో చేరితే సాధారణంగా చేతికి ఏమీ రాదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో నెట్ లేకపోయినా నెలకు 8,000 ఇస్తున్నారు, అది హాస్టలు మెస్సుకు సరిపోతే గొప్ప. కాబట్టి "సీటు వచ్చింది" అనగానే మిఠాయిలు పంచకుండా, జీతం వచ్చే సీటా, రాని సీటా అని అడగండి.

ఇప్పుడు దరఖాస్తు సంగతి. దరఖాస్తులోనే మనవాళ్లు సగం ఓడిపోతున్నారు. తెలివి లేక కాదు, వున్నది రాయక. మా కమిటీలో ఒక రిటైర్డు లెక్కల మాస్టారు వున్నారు. పోయిన సంవత్సరం ఆయన కొందరు పిల్లలకు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేశారు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన అబ్బాయి ఒకడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అక్కగారు తోడు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పాఠం చెప్పిన అనుభవం ఏమన్నా వుందా నాయనా?" అన్నారు మాస్టారు.

"లేదండి మాస్టారూ."

"ఎక్కడా చెప్పలేదూ?"

"లేదండి. ఏ కాలేజీలోనూ పని చేయలేదండి."

గుమ్మంలో ఆవిడ ఆగలేకపోయింది. "అదేంట్రా! ఆరేళ్ల నుంచి మన అరుగు మీద టెన్తు పిల్లలకి రోజూ చెబుతున్నది ఏంటి మరి?"

"అది ట్యూషనే ఆపా. అది కూడా చెప్పుకుంటారేంటి?"

మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ట్యూషన్‌లో పిల్లలకి ఎక్కడ బోధపడదు? అది చెప్పు."

అబ్బాయి కాసేపు ఆలోచించి, "మోల్ దగ్గరండి" అన్నాడు. ఎంత చెప్పినా ఎక్కేది కాదట. చివరికి ఒకరోజు, డజను నిమ్మకాయలు, డజను గుమ్మడికాయలు అని మొదలుపెట్టాడట. లెక్కకు రెండూ పన్నెండే, తూకానికి ఒకటి కాదు. మోల్ కూడా డజను వంటి లెక్కే, కాకపోతే చాలా పెద్ద లెక్క. అంతే, పిల్లలు పట్టుకున్నారట. ఈ మాటలు చెబుతున్నంతసేపూ అతని గొంతులో వణుకు లేదు, చేతులు వాటంతటవే గాలిలో గుమ్మడికాయను చూపిస్తున్నాయి. అంతకు ముందు పావుగంట నేల చూపులు చూసిన కుర్రవాడు అతనేనా అనిపించింది.

"ఇది రాయరా నీ కాగితంలో" అన్నారు మాస్టారు.

అడిగేవాళ్లకు కావలసింది సరిగ్గా ఇదే. మార్కులు వాళ్లకు కాగితంలోనే కనిపిస్తాయి. తెలియనిదల్లా, పద్దెనిమిదేళ్ల పిల్లల ముందు ఈ మనిషి నిలబడగలడా, అర్థం కానివాడికి ఇంకొక విధంగా చెప్పగలడా అన్నది. మన పిల్లలు ట్యూషన్లు చెప్పి ఫీజులు కట్టుకున్నవాళ్లు. ఇంటి దగ్గర చిన్నవాళ్లకు ఉర్దూ అక్షరాలు దిద్దించినవాళ్లు. అదంతా పేదరికపు గుర్తు అనుకుని దాచేస్తారు. అక్కరలేదు. ఎన్నేళ్లు, రోజుకు ఎన్ని గంటలు, ఏ తరగతి, ఎంతమంది, ఏ పాఠం, ఇవి వున్నవి వున్నట్లు నాలుగు వాక్యాలలో రాయండి. అలాగని కోచింగ్ సెంటరు నడిపే స్నేహితుడి లెటర్‌హెడ్ మీద "సీనియర్ లెక్చరరు" అని సర్టిఫికెట్టు రాయించుకోకండి. రెండో ప్రశ్నకే దొరికిపోతారు, ఆ తరువాత నిజంగా చేసినదాన్ని కూడా నమ్మరు.

సిఫారసు లేఖల విషయంలోనూ ఇదే జబ్బు. లెక్చరరు గారికి తీరిక లేదు, "నువ్వే రాసుకురా, సంతకం పెడతాను" అంటారు. మూడు ఉత్తరాలూ ఒకే కుర్రవాడు రాస్తే మూడింటిలోనూ అవే పొగడ్తలు, అవే తప్పులు. చదివేవాళ్లకు అది క్షణంలో తెలుస్తుంది. దానికన్నా, మీరు ఆయన దగ్గర ఏ ప్రాజెక్టు చేశారో, ఏ సెమినారులో మాట్లాడారో ఒక కాగితం మీద రాసి, నెల ముందుగా చేతిలో పెట్టి, "సార్, ఇవి గుర్తు చేయడానికి, ఉత్తరం మాత్రం మీరే రాయండి" అని అడగండి. పెద్ద హోదా వున్న మనిషి రాసిన రెండు పొడి వాక్యాల కన్నా, మీ ల్యాబు చూసిన లెక్చరరు రాసిన పేజీ విలువైనది.

పేర్ల సంగతి విడిగా చెప్పాలి, ఇది మనకు ప్రత్యేకమైన తలనొప్పి. పదో తరగతి సర్టిఫికెట్టులో "ఎస్‌కె" అని పొట్టి అక్షరాలు, ఆధార్‌లో షేక్, డిగ్రీలో ఒక స్పెల్లింగు, పాస్‌పోర్టులో ఇంకొకటి. మొహమ్మద్‌ను ఎన్ని రకాలుగా రాయవచ్చో మన ఊరి సర్టిఫికెట్లు చూస్తే తెలుస్తుంది. పేరంతా ఒకే గడిలో పెట్టి రెండో గడి ఖాళీగా వదిలితే అమెరికా కాగితాలలో "మొదటి పేరు తెలియదు" అనే అర్థం వచ్చే మూడక్షరాలు మీ పేరై కూర్చుంటాయి. దరఖాస్తుల కాలం వచ్చాక దీన్ని సరిచేయడం మొదలుపెడితే కుదరదు. డిగ్రీ రెండో ఏట వుండగానే అన్నీ పదో తరగతి సర్టిఫికెట్టుతో సరిపోల్చుకోండి.

రిజర్వేషను కాగితం కూడా అంతే. రాష్ట్రంలో బి.సి.-ఇ కింద మనవారిలో పలు వర్గాలకు 2007 నుంచి 4 శాతం అమలవుతున్నది. అయితే నెట్, గేట్ వంటివి, కేంద్ర సంస్థలు, కేంద్ర ఓబీసీ జాబితాను చూస్తాయి. దూదేకుల, నూర్‌బాషా వారు అందులో వున్నారు. బి.సి.-ఇ వారందరూ లేరు. లేనివారు, ఆదాయం, ఆస్తి నియమాలకు లోబడితే, కేంద్ర సంస్థల వరకు ఈడబ్ల్యూఎస్ కింద అడగవచ్చు. రాష్ట్రపు సర్టిఫికెట్టు చేతిలో వుంది గదా అని ఓబీసీ గడిలో టిక్కు పెట్టి, సీటు వచ్చాక పరిశీలనలో పోగొట్టుకుంటే ఆ బాధ వర్ణించలేము.

మన దేశంలో ఇంటర్వ్యూ ఎలా వుంటుంది? ప్రవేశ పరీక్ష ద్వారా తీసుకునే చోట పరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30 పాళ్లు. 2024 నుంచి నెట్ మార్కులతోనే పిహెచ్.డి. ప్రవేశాలకు వీలు కల్పించారు. జె.ఆర్.ఎఫ్. రానివారికి అక్కడ కూడా అవే పాళ్లు. ముప్ఫై అంటే తక్కువేమీ కాదు. లోపల నలుగురైదుగురు కూర్చుంటారు. పరిశోధన గురించి పెద్ద మాటలు అడుగుతారని పిల్లలు భయపడతారు గాని, చాలాసార్లు బి.ఎస్సీ. మొదటి ఏడాది ప్రశ్నే వేసి, "బోర్డు మీదకు వచ్చి చూపించు" అంటారు. అక్కడ తెలియనిది తెలియదని చెప్పండి. "ఇది తెలియదు సార్, కాని ఇంతవరకు ఆలోచించగలను" అంటే ఎవరూ తోసేయరు. తెలిసినట్లు నటించేవాడిని పిల్లల ముందుకు పంపాలంటే వాళ్లకే భయం.

అమెరికా సంగతి. ముందు ఒక భ్రమ తొలగించాలి. కాకినాడలోనూ, హైదరాబాదులోనూ కొన్ని కన్సల్టెన్సీలు "ఎం.ఎస్.కు అసిస్టెంట్‌షిప్ గ్యారంటీ" అని చెబుతుంటాయి. గ్యారంటీ ఇచ్చేది విశ్వవిద్యాలయంలోని ఆ శాఖ గాని కన్సల్టెన్సీ కాదు. ఎం.ఎస్. వారికి చేరేటప్పుడే ఇది ఇవ్వడం తక్కువ. చేరాక ఒక సెమిస్టరు చదివి, ప్రొఫెసర్ల కంట్లో పడి, ఖాళీ వుంటే సంపాదించుకోవాలి. కాబట్టి దాన్ని నమ్ముకుని పొలం తాకట్టు పెట్టకండి. పిహెచ్.డి. అయితే వేరు. చాలా శాఖలు తాము చేర్చుకున్నవారికి ఫీజు మాఫీ చేసి, జీవనానికి జీతం ఇస్తాయి, వారానికి సాధారణంగా ఇరవై గంటల పని చెబుతాయి. విద్యార్థి వీసా మీద వున్నవారు చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో చేయదగిన హద్దు కూడా ఆ ఇరవై గంటలే. అయితే 2025లో పరిశోధన నిధులకు కోతలు పడి అక్కడి పలు విశ్వవిద్యాలయాలు పిహెచ్.డి. సీట్లు తగ్గించాయి. ఒక్క దేశం మీదే కన్ను వేసి కూర్చునే రోజులు కావివి.

దరఖాస్తులు డిసెంబరు, జనవరిలో. పిలుపులు జనవరి, ఫిబ్రవరిలో. అక్కడ తూర్పు తీరంలో ఉదయం పది గంటలంటే చలికాలంలో మనకు రాత్రి ఎనిమిదిన్నర, ఇషా నమాజు అయి భోజనాలకు కూర్చునే వేళ. ఇంట్లో టీవీ కట్టించి, తలుపు దగ్గర ఒకరిని కాపలా పెట్టుకోండి. వాళ్లు డబ్బు మాట రాసి పంపితే వెంటనే జవాబివ్వమని తొందరపెట్టినా కంగారు పడవద్దు. ఏప్రిల్ 15 వరకు ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలని అక్కడి చాలా విశ్వవిద్యాలయాలు ఒక ఒడంబడిక మీద సంతకం పెట్టాయి.

పాఠం చెప్పే పనికి మాట్లాడే ఇంగ్లీషు మార్కు విడిగా చూస్తారు. విదేశీ బోధకుల మాట బోధపడటం లేదని 1980 దశకంలో విద్యార్థులు, తల్లిదండ్రులు మొరపెట్టుకోగా పలు అమెరికా రాష్ట్రాలు దీనికి చట్టాలే చేశాయి. చాలాచోట్ల ఐదు నుంచి పది నిమిషాల పాఠం చెప్పిస్తారు. ఎదురుగా కూర్చున్న పెద్దలే విద్యార్థులుగా నటించి, మధ్యలో అడ్డంగా ప్రశ్నలు వేస్తారు. కావాలనే వేస్తారు. "నాకు మార్కులు తక్కువ వేశారు" అని ఒక విద్యార్థి గొడవకు వస్తే ఏం చేస్తావు, ఇద్దరి అసైన్‌మెంట్లు ఒకేలా వుంటే ఏం చేస్తావు అని కూడా అడుగుతారు. మన కుర్రవాళ్లు "గట్టిగా మందలిస్తానండి" అంటారు. ఆ జవాబుకు అక్కడ మార్కులు పడవు. పేపరు తెచ్చుకుని పక్కన కూర్చోబెట్టి ఏ మెట్టు దగ్గర ఎందుకు తగ్గించానో చూపిస్తాను, కాపీ సంగతి కోర్సు చెప్పే ప్రొఫెసరు దృష్టికి తీసుకువెళతాను, సొంతంగా తీర్పు చెప్పను, అనాలి.

ఉచ్చారణకు భయపడవద్దు, నెమ్మది కావాలి. మనకు రెండు వైపుల నుంచీ అలవాట్లు వచ్చాయి. తెలుగు వైపు నుంచి బుక్కు, పెన్ను; ఇంట్లో మాట వైపు నుంచి ఇస్కూలు, ఇస్టేషను. రెండూ కలిసి ఇంగ్లీషులోకి వెళితే అవతలివాడు బిత్తరపోతాడు. రోజూ పది నిమిషాలు మీ పాఠాన్ని మీ ఫోనులోనే రికార్డు చేసి వినండి. మొదటి రోజు మీ గొంతు మీకే నచ్చదు, వారం తరువాత ఎక్కడ పరుగెత్తుతున్నారో తెలుస్తుంది.

ఈ రెండు భాషలు మనకు లోపం అనుకోవడం మేము ఒప్పుకోము. పక్కనే వున్న పిఠాపురం ఉమర్ ఆలీషా గారు తెలుగు కవిగా పేరు పొందారు. మన కాలంలో, ఖమ్మం ప్రాంతం నుంచి వెళ్లిన కవి అఫ్సర్ గారు విస్కాన్సిన్‌లో పరిశోధన చేసి, టెక్సాసులోనూ, తరువాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోనూ బోధించారు. మన పీర్ల పండుగ మీద ఆయన రాసిన ఇంగ్లీషు పుస్తకం 2013లో వచ్చింది. అమెరికాలో తెలుగు, ఉర్దూ నేర్పే విశ్వవిద్యాలయాలు వున్నాయి. ఫుల్‌బ్రైట్ వారి భాషా బోధక సహాయకుల పథకంలో మన దేశం నుంచి ఈ రెండు భాషలకూ మనుషులను తీసుకుంటూ వచ్చారు. రెండూ వచ్చినవాళ్లు ఎక్కడున్నారని వెతికితే మన వీధిలోనే వున్నారు. ఏటేటా ప్రకటన చూసుకుని, ఆ సంవత్సరం ఏ భాషలు వున్నాయో చదివి, అప్పుడు వేయండి.

ఆడపిల్లల గురించి ఒక్క మాట. ట్యూషన్లు మన ఇళ్లలో ఎక్కువగా చెబుతున్నది వాళ్లే. డిగ్రీలో మంచి మార్కులు తెచ్చుకుంటున్నదీ వాళ్లే. "దూరం పంపము" అనే తండ్రులకు మా మనవి ఏమిటంటే, హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం వుంది, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం వుంది, లేడీస్ హాస్టళ్లు వున్నాయి. సామర్లకోటలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి దిగుతారు. నెలకు 37,000 తెచ్చుకునే కూతురిని చూడటానికి ఆ రైలు మీరూ ఎక్కవచ్చు.

చివరగా కమిటీ తీర్మానం చదువుతాము. వచ్చే నెల నుంచి ప్రతి ఆదివారం అస్ర్ నమాజు తరువాత సొసైటీ గదిలో ఉత్తుత్తి ఇంటర్వ్యూలు జరుగుతాయి. ఎవరైనా రావచ్చు, మతం కులం పట్టింపు లేదు. వచ్చినవాళ్లు పది నిమిషాల పాఠం ఒకటి సిద్ధం చేసుకుని రావాలి, సర్టిఫికెట్ల జిరాక్సులు తేవాలి. ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురిని ముందు వరసలో కూర్చోబెడతాము. వాళ్లకు అర్థమైందో లేదో వాళ్లే చెబుతారు, మొహమాటం వుండదు. ఆడపిల్లలకు అదే సమయంలో పక్క గదిలో, మన సభ్యురాలైన ఒక టీచరమ్మ గారి ఆధ్వర్యంలో జరుగుతుంది. గదికి ట్యూబులైట్లు వున్నాయి, కుర్చీలు వున్నాయి. నల్లబల్ల లేదు. ఎవరి ఇంట్లోనైనా పాతది అటక మీద వుంటే, దయచేసి కార్యదర్శి గారికి కబురు చేయండి, మా కుర్రవాళ్లు వచ్చి మోసుకుపోతారు.